రాలనివ్వని చుక్క

జో షిమమురాకి తండ్రి ఎవరో తెలియదు. తల్లి జపాన్ ఆడపడుచు, తండ్రి ఏ దేశం నుంచో వచ్చి వెళ్లినవాడు. యుద్ధంలో ఓడి, పరాయి సైన్యం దిగిన జపాన్‌లో అలాంటి పిల్లలు చాలామంది పుట్టారు. వాళ్లని ఏ వీధీ తనవాళ్లనుకోలేదు. జో పెరిగి బాల నేరస్థుల గృహంలో తేలాడు. అక్కణ్ణుంచి పారిపోతూ బ్లాక్ గోస్ట్ అనే ముఠా చేతిలో పడ్డాడు. మెలకువ వచ్చేసరికి ఒంట్లో మాంసం ఎక్కడ ఆగిందో, ఇనుము ఎక్కడ మొదలైందో తనకే తెలియని స్థితి. ఒంటి మీద ఎర్ర యూనిఫాం, మెడలో పొడుగాటి కండువా. జో అన్న పేరు పోయింది. ఇక నుంచి 009.

ఈ బొమ్మల కథ పేరు 'సైబోర్గ్ 009'. గీసినవాడు షోతారో ఇషినొమొరి. 1964 జులైలో ఒక పిల్లల వారపత్రికలో మొదలుపెట్టే నాటికి అతనికి ఇరవయ్యారేళ్లు. టోక్యో నగరం అక్టోబర్ ఒలింపిక్స్‌కి ముస్తాబవుతోంది, బుల్లెట్ రైలు పట్టాలెక్కబోతోంది. ఇనుమన్నా వేగమన్నా ఊరంతా మోజు పడుతున్న రోజులవి. ఆ సందట్లో కూర్చుని ఈ కుర్రవాడు, ఇనుము ఎక్కించిన ఒళ్లు లోపల ఎంత ఏడుస్తుందో గీశాడు. అతని పేరు మన ఇళ్లలో వినబడదు గానీ, టీవీలో పవర్ రేంజర్స్ చూసి మంచం మీంచి దూకిన పిల్లలందరికీ అతను తెలియని చుట్టమే. 1975లో అతను ఊహించిన గోరేంజర్ దళంతో మొదలైన వరసలోదే ఆ రంగురంగుల దండు.

సైబోర్గ్ అన్న మాట పుట్టింది 1960లో. రోదసిలోకి వెళ్లే మనిషికి అక్కడి గాలీ వెలుతురూ సరిపడేలా చెయ్యలేం కాబట్టి మనిషి ఒంటినే మార్చాలని ఇద్దరు శాస్త్రవేత్తలు రాసిన వ్యాసంలోది. వాళ్ల ఊహలో అది యాత్రికుడి ఒళ్లు. ఇషినొమొరి నాలుగేళ్లలో దాన్ని సిపాయి ఒంటిగా మార్చి చూశాడు. ఎందుకంటే అలాంటి ఒళ్లు తయారైతే ముందుగా కొనడానికి వచ్చేది ఎవరో అతనికి తెలుసు.

బ్లాక్ గోస్ట్‌కి దేశం లేదు, జెండా లేదు, ఏ సిద్ధాంతమూ లేదు. ఉన్నదల్లా ఆయుధాల బేరం. యుద్ధాలు సాగుతుంటేనే సరుకు కదులుతుంది. నేల మీద, నీటి అడుగున, రేపు ఆకాశానికి అవతల జరగబోయే యుద్ధాలకి పనికొచ్చే కొత్త సరుకు కావాలి. అందుకోసం తొమ్మిది మందిని ఎత్తుకొచ్చారు. ఎవరిని ఎత్తుకొచ్చారో చూడండి. న్యూయార్క్ వీధి ముఠాల కొట్లాటలో కత్తి దూసి పోలీసులకి దొరక్కుండా పరుగెత్తుతున్న జెట్ లింక్. తూర్పు బెర్లిన్ నుంచి సరిహద్దు దాటబోయి, పక్కనే ఉన్న ప్రియురాల్ని తుపాకి గుళ్లకి పోగొట్టుకున్న ఆల్బర్ట్ హైన్‌రిష్. బతకలేక ఉరి పోసుకోబోయిన చైనావాడు చాంగ్. తాగుడికి బానిసై రంగస్థలం నుంచి జారిపోయిన ఇంగ్లిష్ నటుడు. పనీ పాటూ దొరకని అమెరికా ఆదివాసి. ఆఫ్రికా నుంచి ప్యూన్మా, ఫ్రాన్స్ నుంచి నాట్యం నేర్చుకుంటున్న ఫ్రాన్స్వాజ్. ఇక ఇవాన్ అనే రష్యా పసివాడు: ఉయ్యాలలో ఉండగానే వాడి మెదడు మీద ప్రయోగం చేసింది కన్నతండ్రే. వీళ్లలో చాలామంది కనబడకుండా పోతే వెతుక్కుంటూ వచ్చే నాథుడు లేడు. ముఠావాళ్లు ముందు చూసుకున్నది అదే.

హైన్‌రిష్ కుడిచేతి వేళ్లు తుపాకి గొట్టాలు, ఎడమచెయ్యి కత్తి, మోకాళ్లలో క్షిపణులు. ఒంటిలోపల ఓ చిన్న అణుబాంబు కూడా ఉంటుంది. హిరోషిమా, నాగసాకి మీద బాంబులు పడి ఇరవయ్యేళ్లు నిండని దేశంలో, మనిషి కడుపులో బాంబు పెట్టి గీసి పదేళ్ల పిల్లల చేతికి ఇచ్చాడు ఇషినొమొరి. ఆ ధైర్యం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. జోకి దక్కింది వేగం. పంటిలో అమర్చిన మీట నొక్కితే చుట్టూ లోకం నిలిచిపోయేంత వేగం. ఒక చిన్న కథలో ఆ యంత్రం చెడిపోయి అతను ఆ వేగంలోనే ఇరుక్కుంటాడు. మనుషులు నడుస్తూ నడుస్తూ బొమ్మల్లా ఆగిపోయి ఉంటారు. అతను ఒక్కడే వాళ్ల మధ్య తిరుగుతుంటాడు. పలకరించినా ఎవరికీ వినబడదు. గుట్టలకొద్దీ పేజీల యుద్ధాల కంటే ఆ కొద్ది పేజీల ఒంటరితనమే అతని బతుకేమిటో బాగా చెబుతుంది.

తయారు చేసిన బృందంలోనే ఉన్న డాక్టర్ గిల్మోర్ మనసు మార్చుకుని, తొమ్మిది మందితో కలిసి తిరగబడి పారిపోతాడు. అక్కణ్ణుంచి వాళ్లని వెనక్కి తేవడానికి ముఠా, ముఠాని మట్టుపెట్టడానికి వాళ్లు. ఆ పోరాటాలన్నీ ఇక్కడ చెప్పను. పిల్లల పత్రిక కథ గనక వారానికొక శత్రువు, వారానికొక గెలుపు. మనకి కావలసింది చివర.

ఈ జపాన్ కుర్రవాడి గొడవ కొల్లేటి నాడులో మనకెందుకంటారేమో. జపాన్‌ని మన తీరం మొదట చూసింది బొమ్మల్లో కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకి పోయారు. తాడేపల్లిగూడెంలో బ్రిటిష్‌వాళ్లు రన్‌వే పరిచింది ఆ యుద్ధ కాలంలోనే. విమానాలు పోయాయి, నేల మిగిలింది, ఇప్పుడు ఆ పక్కన నిట్ విద్యార్థులు ఇంజినీరింగ్ చదువుతున్నారు. గూడేనికి దగ్గర్లోనే మాధవరం ఉంది. మిలటరీ మాధవరం అంటే తెలియనివాళ్లు ఉండరు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ ఇంటికొకరు చొప్పున సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. తాత వెళ్లాడని తండ్రి, తండ్రి వెళ్లాడని కొడుకు. అక్కడ సిపాయి అంటే పేరు, ఇంటిపేరు, ఉత్తరం రాయడానికి చిరునామా, సెలవులకి వస్తే రైలు దగ్గరికి ఎదురొచ్చే తమ్ముళ్లు. పోతే ఊరంతా కదిలి వచ్చి సాగనంపుతుంది. తెల్లవాడి యుద్ధమైనా మనదైనా, వెళ్లినవాడు ఎవరి కొడుకో అందరికీ తెలుసు. జో షిమమురాకి కరువైంది సరిగ్గా ఇదే.

అతనికి దగ్గరి మనిషిని వెతకాలంటే మాధవరంలో కాదు, ఇంకాస్త దక్షిణంగా ఉప్పుటేరు వైపు పోవాలి. కొల్లేటికోట దీవిలో గజపతుల కోట ఉండేదని, చుట్టూ నీరు ఉండటంతో ముట్టడికి దారి దొరకలేదని, సరస్సు నీటిని సముద్రంలోకి మళ్లించడానికి ఉప్పుటేరు తవ్వారని ఓ పాత గాథ. ఆ యుద్ధంలో గెలవాలని సేనాని ఒకడు కన్నకూతుర్నే బలి ఇచ్చాడట. అందుకే ఆ పాయకి పేరంటాల కనుమ అని పేరు. చరిత్ర ఎంతో, కల్పన ఎంతో తేల్చడం నా పని కాదు. గాథలో కోట పేరుంది, రాజు పేరుంది, కాలవ పేరుంది. ఆ పిల్ల పేరు లేదు. ఎవరో ఎవరి మీదో గెలవాలి; అందుకు ఒక ఒళ్లు కావాలి; ఆ ఒంటిని అడగక్కర్లేదు. బ్లాక్ గోస్ట్ లెక్క కూడా ఇంతే. తేడా ఒకటుంది. ఆ పిల్లని జనం పేరంటాలుగా తలుచుకున్నారు. అంతటితో వదిలేశారు. ఇంకో యుద్ధానికి లేపలేదు.

ఇందాక చెప్పిన ఆ చివరి భాగం యోమి కథ. అది 1966, 67 సంవత్సరాల్లో మరో వారపత్రికలో నడిచింది. యోమి అంటే జపాన్ పురాణాల్లో పాతాళం. కథ మొదలయ్యేసరికి తొమ్మిది మందీ విడిపోయి ఉంటారు. చాంగ్ హోటల్ పెట్టుకున్నాడు. నటుడు మళ్లీ రంగస్థలం ఎక్కాడు. ఫ్రాన్స్వాజ్ నాట్యానికి తిరిగి వెళ్లింది. యంత్రాల్ని చొక్కాల కింద దాచుకుని మామూలు మనుషుల్లా బతకడం అలవాటు చేసుకుంటున్నారు. అప్పుడు గిల్మోర్ నుంచి కబురు: బ్లాక్ గోస్ట్ చావలేదు, భూమి అడుగున కొత్త రాజ్యం కట్టుకుంటోంది. మళ్లీ అందరూ చేరాలి. చేరారు. చేరినవాళ్ల ఒళ్లు మళ్లీ కొయ్యాలి, ఇంకా పదును పెట్టాలి, లేకపోతే కొత్త శత్రువుకి ఆగలేరు. గాయపడ్డ ప్యూన్మా కళ్లు తెరిచేసరికి చర్మం బదులు ఒంటినిండా వెండి పొలుసులు. నీళ్లలో ఈదడానికి అవి చాలా మంచివే. ఆ ఒంటితో ఇంటికి పోగలడా అన్నది వేరే ప్రశ్న. గిల్మోర్ మంచివాడు, తన పాపానికి కుమిలిపోయేవాడు. కత్తి పట్టేది మాత్రం ఆ మంచి చెయ్యే.

పాతాళంలో యుద్ధం సుదీర్ఘం. అక్కడి ప్రజల్ని బానిసలుగా పెట్టుకున్న బల్లిజాతి, దాన్ని ఆడించే ముఠా, అయిదుగురు అక్కచెల్లెళ్ల విషాదం. చివరికి రాజ్యం కూలుతుంది. కూలుతుండగా బ్లాక్ గోస్ట్ అధినేత ఒక రాక్షస విగ్రహంలో భూమి విడిచి పైకి లేచిపోతాడు. ఆ విగ్రహమే ఒక ఓడ. దాన్ని పట్టుకోగలవాడు ఎవరూ లేరు. అప్పుడు పసివాడు ఇవాన్ తన మనోశక్తితో జోని ఎత్తి ఆ విగ్రహం కడుపులో పడేస్తాడు. అడిగి పంపింది కాదు. వెనక్కి తెచ్చే దారీ లేదు. శత్రువు అడగకుండా సిపాయిని చేశాడు. మిత్రుడు అడగకుండా ఆఖరి యుద్ధానికి పంపాడు.

లోపల జోకి ఎదురైంది మహా వీరుడేమీ కాదు. గాజు పాత్రల్లో తేలుతున్న మూడు మెదళ్లు. ఇంతకాలం ప్రపంచాన్ని వణికించింది అవే. తమని చంపినా బ్లాక్ గోస్ట్ చావదని, అది మనుషుల దురాశలోంచి పుట్టిందని, దాన్ని పూర్తిగా చంపాలంటే భూమ్మీద మనుషులందర్నీ చంపాలని అవి చెబుతాయి. జో వాదించడు. తుపాకి పేలుస్తాడు. విగ్రహం బద్దలవుతుంది. జో ఒక్కడే, చిమ్మచీకట్లో, ఆసరా లేకుండా, దూరంగా గుండ్రటి నీలి భూమిని చూస్తూ తేలుతుంటాడు.

జెట్ లింక్ కాళ్లలో జెట్ ఇంజన్లు ఉన్నాయి. అంత ఎత్తుకి పోగలిగేది తొమ్మిది మందిలో అతనొక్కడే. ఎవరూ వెళ్లమనలేదు. వెళ్లి వస్తే ఇంధనం చాలదని అతనికి తెలుసు. న్యూయార్క్ సందుల్లో కత్తి తిప్పిన ఆ దుడుకువాడు ఎవరికీ చెప్పకుండా నింగికి ఎగిరాడు. జో చెయ్యి అందుకున్నాడు. వాతావరణం పొర తగిలేసరికి ఇంధనం అయిపోయింది. నన్ను వదిలెయ్, ఒక్కడివైతే బతుకుతావేమో అని జో బతిమాలాడు. జెట్ వదల్లేదు. పట్టు బిగించాడు. ఇద్దరి ఒళ్లూ అంటుకుంటుండగా, ఎక్కడ రాలాలని ఉందని జోని అడిగాడు. ఊరికి పోయే బస్సులో పక్కవాణ్ణి ఏ స్టాపులో దిగుతావని అడిగినంత మామూలుగా. ఈ బొమ్మల కథ మొత్తంలో 009ని ఒకరు నీకేం కావాలని అడగడం నాకు గుర్తున్నంతలో అక్కడే.

కింద ఒక అక్క, తమ్ముడు ఆకాశం వంక చూస్తున్నారు. ఒక చుక్క రాలింది. మన పల్లెల్లో చుక్క రాలితే ఎవరో పెద్దమనిషి పోయాడంటారు. అక్కడి పిల్లలు గబగబా కోరిక కోరుకుంటారు. తమ్ముడు ఆటబొమ్మ తుపాకి కావాలనుకున్నాడు. అక్క, లోకంలో యుద్ధాలు లేకుండా అందరూ కలిసిమెలిసి ఉండాలనుకుంది. కథ అయిపోయింది.

అంతకంటే కఠినమైన ముగింపు పిల్లల పత్రికలో నేనెక్కడా చదవలేదు. అక్క కోరికని అందరూ మెచ్చుకుంటారు. నాకు తమ్ముడి కోరికే పెద్దది. మూడు మెదళ్లు చెప్పిన మాట అబద్ధం కాదని చూపడానికి ఇషినొమొరికి ఉపన్యాసం అవసరం లేకపోయింది, ఒక పసివాడి ఆశ చాలింది. అతను రాక్షసుడు కాదు, మంచి ఇంటి పిల్లాడు. తుపాకి అంటే మోజు, అంతే. ఇద్దరు సిపాయిలు కాలి బూడిదవుతున్న ఆ వెలుతురులోనే అతను దాన్ని కోరుకున్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. జో బతుకులో అన్నీ ఎవరో చేసిపెట్టినవే: పుట్టుక, ఒళ్లు, అంకె, యుద్ధం, చివరి పయనం కూడా. ఆ ఇద్దరూ కలిసి రాలడం మాత్రం ఎవరి పథకంలోనూ లేదు. జెట్ వెళ్లడం జెట్ ఇష్టం, వదలకపోవడం జెట్ ఇష్టం. కర్ణుడి కవచం కూడా ఒంటితో పుట్టిందే. ఇంద్రుడు మారువేషంలో వచ్చి అడిగినప్పుడు మోసమని తెలిసీ ఒలిచి ఇచ్చాడు. ఇవ్వడానికి తనది అంటూ ఒకటి ఉంది గనక కర్ణుడు గొప్పవాడయ్యాడు. జోకి ఆ భాగ్యం లేదు. అతని కవచం ఒలిస్తే లోపల మనిషే మిగలడు. అతనిదంటూ ఉన్నది ఆ చావొక్కటే.

దాన్నీ ఉంచలేదు. అభిమానుల నుంచి ఉత్తరాలు వచ్చిపడ్డాయి. జోని చంపేశారేం, బతికించండి అని. ఇషినొమొరి అప్పటికి కథ అక్కడితో ఆపేద్దామనే అనుకున్నాడు. ఒత్తిడికి తలొగ్గి వేరే పత్రికలో మళ్లీ మొదలుపెట్టాడు. ఇద్దరూ ఎలా బతికారో ఓ వివరణ ఇచ్చాడు. గిల్మోర్ మళ్లీ కోశాడు, మళ్లీ కుట్టాడు. 1968లో టీవీకి ఎక్కింది, 1979లో మళ్లీ, 2001లో మళ్లీ. బొమ్మ ఆడుతోంది గదా! హీరో పోతే సినిమా ఆడదని మనవైపు డిస్ట్రిబ్యూటర్లకీ ఓ గట్టి నమ్మకం. వాళ్లని వెక్కిరించి లాభం లేదు, టికెట్ కొనేది మనమే.

కానీ మనం పూర్తిగా అలాంటివాళ్లమే అని కూడా ఒప్పుకోను. 'దాన వీర శూర కర్ణ'కి 1977 సంక్రాంతి నాడు జనం పోటెత్తింది కర్ణుడు చస్తాడని తెలిసే. ఏలూరు సర్కారుతో సహా ఉత్తర సర్కార్లు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న కాలంలో, 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. తాండ్ర పాపారాయుడు పగ తీర్చుకుని తనని తాను పొడుచుకున్నాడు. ఆ కథని బుర్రకథ దళాలు ఎన్ని ఊళ్లలో చెప్పి ఉంటాయో లెక్కలేదు. తెల్లవార్లూ కూర్చుని ఏడ్చినవాళ్లలో ఎవరూ లేచి, పాపారాయుణ్ణి లేపి వచ్చే వారం ఇంకో కోట మీదికి పంపండి అని అడగలేదు. ఏడుపు ముగిశాక చాప దులుపుకుని ఇంటికి పోయారు. వీరుడికి వాళ్లిచ్చిన గౌరవం అది.

జపాన్ పిల్లల్ని తప్పు పట్టడం లేదు. ప్రేమించారు, అందుకే రాశారు. అయినా ఆ ప్రేమ చేసిన పని చూస్తే బ్లాక్ గోస్ట్ పనికి అంత దూరంగా లేదు. వద్దంటున్న ఒంటిని మళ్లీ లేపి, మళ్లీ యూనిఫాం తొడిగి, మళ్లీ యుద్ధానికి తోలింది. జో పతనం ఆకాశం నుంచి రాలినప్పుడు జరిగిందని నేననుకోను. తర్వాతి సంచికలో కళ్లు తెరిచినప్పుడు జరిగింది.

ఇషినొమొరికి ఆ సంగతి తెలియకపోలేదు. సరైన ముగింపు కోసం చివరిదాకా తంటాలు పడ్డాడు. 1969లో దేవతల మీద యుద్ధం మొదలుపెట్టి, మనిషిని పుట్టించినవాళ్లతోనే ఈ తొమ్మిది మందిని ఢీకొట్టిస్తే కథ తెగుతుందనుకున్నాడు. తెగలేదు. మధ్యలో ఆగింది. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ ఆగింది. ఒక్క మనిషి గీసిన బొమ్మల పేజీల్లో ప్రపంచ రికార్డు అతనిది, లక్షా ఇరవై ఎనిమిది వేల పేజీలు. ఆ చేతికి ఈ ఒక్క కథ ముగింపు మాత్రం లొంగలేదు. అరవయ్యో పుట్టినరోజు దాటిన మూడు రోజులకి, 1998 జనవరి 28న కన్నుమూశాడు. మిగిలిన రాతప్రతుల్ని ఆధారం చేసుకుని కొడుకు, శిష్యులు 2012లో ఆఖరి భాగం చేపట్టి పూర్తి చేశారు. భక్తితో చేసిన పనే. నాకది ముగింపుగా తోచలేదు.

ఇప్పుడు ఏలూరు, గూడెం కుర్రకారు జపాన్ యానిమేషన్ సినిమాలు తెలుగు మాటలతోనే థియేటర్లో చూస్తున్నారు. ఎవరో ఒకరు వెనక్కి వెతుక్కుంటూ పోయి ఈ పాత కథ దగ్గరికి కూడా చేరతారు. వాళ్లకి ఒకటే మనవి. యోమి దాకా చదవండి. చుక్క రాలిన పేజీ దగ్గర పుస్తకం మూసెయ్యండి. తర్వాతి భాగాలు ఎంత బాగున్నాయని ఎవరు చెప్పినా తెరవకండి.